నేల మీద విమానం మన మాట వినాలంటే: కంబాట్ సిమ్‌లో వీల్ బ్రేకులు వాడే పద్ధతి

మా మేనల్లుడు గాజువాకలో ఉంటాడు. సంక్రాంతి సెలవుల్లో కంబాట్ సిమ్ కోసం, అంటే కంప్యూటర్‌లో యుద్ధవిమానాలు నడిపే ఆట కోసం, జాయ్‌స్టిక్ కొనుక్కున్నాడు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "మావయ్యా, గాల్లో లూపులు కొట్టేస్తున్నాను. రన్‌వే దాకా తీసుకెళ్లడమే రావట్లేదు. ప్రతిసారీ గడ్డిలోకి పోతోంది."

"బ్రేకు ఎలా వేస్తున్నావురా?" అని అడిగాను.

"డబ్ల్యూ కీ నొక్కి పట్టుకుంటున్నాను."

చిక్కంతా ఆ పట్టుకోవడంలోనే ఉంది. వాడికి ఫోన్లో చెప్పిందీ, తర్వాత రెండు ఆదివారాలు పక్కన కూర్చుని చూపించిందీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. విమానంలో వీల్ బ్రేకు ఆపడానికి ఎంత పనికొస్తుందో తిప్పడానికీ అంతే పనికొస్తుంది. దాన్ని నొక్కి పట్టుకోకూడదు, తట్టాలి. ఈ ఒక్క అలవాటు పడితే మిగతాది సాధనతో వస్తుంది.

నేను వాడే ఆట డీసీఎస్ వరల్డ్. అందులో ఎస్‌యూ-25టీ అనే జెట్, టీఎఫ్-51డీ అనే పాత ప్రొపెల్లర్ విమానం (ముస్టాంగ్ రకానిదే) ఉచితంగా వస్తాయి కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా వాటితోనే చెబుతాను. మీరు ఐఎల్-2 ఆడుతున్నా, వార్ థండర్‌లో సిమ్యులేటర్ మోడ్ ఆడుతున్నా కీలు మారతాయి, పద్ధతి ఇదే.

ఎగరకముందు సెట్టింగ్స్

దీని మీద అరగంట పెట్టండి. నేల మీద వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి కారణం పైలట్ కాదు, సరిగ్గా అమర్చని కంట్రోల్స్.

మొదట కంట్రోల్స్ మెనూలో మీ విమానాన్ని ఎంచుకుని, ఈ పనులకు మీ దగ్గర ఏ మీట ఉందో చూసుకోండి: రడ్డర్ (ముక్కును ఎడమకీ కుడికీ తిప్పే నిలువు తోక పలక), ఎడమ బ్రేకు, కుడి బ్రేకు, నోస్ వీల్ స్టీరింగ్ (ముందు చక్రాన్ని తిప్పేది), టెయిల్ వీల్ లాక్ (తోక చక్రాన్ని బిగించేది), పార్కింగ్ బ్రేకు, బ్రేకింగ్ పారాచూట్. ఇవన్నీ ప్రతి విమానానికీ ఉండవు. ఉన్నవాటిని మాత్రం చూడకుండానే చేతికందేలా పెట్టుకోండి. విమానం గడ్డి వైపు జారుతున్నప్పుడు కీబోర్డు మీద అక్షరం వెతుక్కునే టైం ఉండదు.

తర్వాత, ఒకే పనికి రెండు ఆక్సిస్‌లు (కదిపినకొద్దీ విలువ మారే మీటలు) పడ్డాయేమో చూడండి. కొన్ని ఆటల్లో కొత్త పరికరం తగిలించగానే దానికి ఆక్సిస్‌లు వాటంతటవే కేటాయించబడతాయి. అప్పుడు జాయ్‌స్టిక్ ట్విస్టూ (కర్రను మెలితిప్పడం), పెడల్సూ రెండూ రడ్డర్‌కే పనిచేస్తుంటాయి. మీ కాళ్లు కదలకపోయినా ముక్కు ఓ పక్కకు లాగుతుంది. ఒకటి ఉంచి మిగతావి తీసేయండి.

టో బ్రేకులున్న (కాలివేళ్లతో బ్రేకు నొక్కే) పెడల్స్ అయితే ఇంకో పరీక్ష ఉంది. చాలా పెడల్స్‌లో బ్రేకు ఆక్సిస్ తిరగబడి ఉంటుంది. అంటే కాలు తీసేసినప్పుడు బ్రేకు పూర్తిగా పడి, నొక్కితే వదులుతుంది. ఫుల్ త్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే మీట) ఇచ్చినా విమానం కదలడం లేదని అడిగేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. ఆక్సిస్ ట్యూన్‌లోకి వెళ్లి ఇన్వర్ట్ టిక్ పెట్టండి. మొదట్లో కాస్త డెడ్ జోన్ (కదిపినా లెక్కలోకి రాని కొద్దిపాటి దూరం) కూడా ఇవ్వండి, కాలి బరువుకే బ్రేకు పడకుండా ఉంటుంది. డీసీఎస్‌లో అయితే కుడి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే మూలన కంట్రోల్స్ సూచిక కనిపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో దాన్ని తెరిచే ఉంచండి. మీరు వేశాననుకుంటున్న రడ్డర్‌కీ, నిజంగా పడుతున్న రడ్డర్‌కీ తేడా అందులో తెలుస్తుంది.

పెడల్స్ లేవా? ఫర్వాలేదు. మావాడి దగ్గరా లేవు. జాయ్‌స్టిక్ ట్విస్ట్‌ను రడ్డర్‌గా వాడండి. బ్రేకును మాత్రం బటన్‌కి కాకుండా ఏదైనా స్లైడర్‌కో, త్రాటిల్ మీద ఖాళీగా ఉన్న చిన్న మీటకో ఇవ్వడానికి ప్రయత్నించండి. బటన్‌తో అయితే సున్నా, లేదంటే పూర్తి బ్రేకు. మధ్యలో ఏమీ ఉండదు. స్లైడర్‌తో చిటికెడు బ్రేకు వేయొచ్చు. ఇంట్లో కార్ రేసింగ్ ఆటల కోసం కొన్న స్టీరింగ్, పెడల్స్ సెట్ ఉంటే ఇంకా మంచిది. ఆ పెడల్స్‌లో ఒకదాన్ని ఎడమ బ్రేకుగా, ఇంకోదాన్ని కుడి బ్రేకుగా పెట్టుకోవచ్చు. బటన్ తప్ప వేరే దారి లేకపోతే తట్టి వదలండి, మళ్లీ తట్టి వదలండి. డబ్ల్యూ కీతో కూడా విమానాన్ని చక్కగా ఆపొచ్చు, వేలు మాత్రం దాని మీద నిలవకూడదు.

మీ విమానం ఏ జాతిదో తెలుసుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఒక విమానంలో సరైన పని ఇంకో విమానంలో ప్రమాదం.

కొన్నిటికి బ్రేకు పెడల్స్ పై అంచునే ఉంటుంది. పాదం మొత్తం ముందుకు తోస్తే రడ్డర్, కాలివేళ్లతో పై అంచు నొక్కితే ఆ వైపు చక్రానికి బ్రేకు. పీ-51 ముస్టాంగ్, జర్మనీ వాళ్ల బీఎఫ్-109, ఎఫ్‌డబ్ల్యూ-190, జెట్లలో ఎఫ్-86, ఎఫ్-16, ఎఫ్/ఏ-18 ఇలాంటివి.

ఇంకొన్నిటిలో బ్రేకు చేతిలో ఉంటుంది. స్టిక్ మీద సైకిల్ బ్రేకులాంటి లివర్ ఒకటే ఉంటుంది. దాన్ని పిండితే బ్రేకు పడుతుంది. అది ఏ చక్రానికి పడాలో మాత్రం కాళ్లు నిర్ణయిస్తాయి. పెడల్స్ మధ్యలో ఉంటే రెండు చక్రాలకూ సమానంగా, ఎడమ పెడల్ ముందుకు తోస్తే ఎడమ చక్రానికే. బ్రిటిష్ స్పిట్‌ఫైర్, మిగ్-15, మిగ్-21, ఎల్-39 ఈ పద్ధతిలో పనిచేస్తాయి. మన వాయుసేనలో 62 ఏళ్లు ఎగిరి 2025 సెప్టెంబర్ 26న సెలవు తీసుకున్న మిగ్-21నీ మన పైలట్లు నేల మీద ఇలాగే నడిపారు. దాని ముందు చక్రానికి స్టీరింగ్ లేదు. అది దుకాణంలో ట్రాలీ చక్రంలా ఎటు లాగితే అటు తిరిగేదే.

ఇలాంటి విమానంలో వరస తప్పకూడదు. ముందు పెడల్, తర్వాత లివర్. లివర్ ముందు పిండి తర్వాత పెడల్ తోస్తే, రెండు చక్రాలూ ఒకసారి పట్టుకుని, తర్వాత ఒకటి హఠాత్తుగా వదిలి, ముక్కు విసురుగా తిరుగుతుంది. స్పిట్‌ఫైర్ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. మూడు ముళ్లున్న గేజీ ఒకటి ఉంటుంది: నిల్వ ఉన్న ఒత్తిడికి ఒకటి, ఎడమ బ్రేకుకి ఒకటి, కుడి బ్రేకుకి ఒకటి. ఇంజిన్ ఆపి ఉంచి లివర్‌తో ఆడుకుంటే నిల్వ తగ్గిపోతుంది. అందుకే బయల్దేరేముందు ఆ గేజీ మీద ఒక చూపు వేయండి.

మూడో జాతి ముందు చక్రాన్ని నేరుగా తిప్పగలిగే జెట్లు. ఎఫ్-16, ఎఫ్/ఏ-18, ఏ-10 వంటి వాటిలో పెడల్ బ్రేకులతో పాటు నోస్ వీల్ స్టీరింగ్‌కి బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పెడల్స్‌తోనే కారులా తిప్పొచ్చు. లేకపోతే మీరు ఎంత తొక్కినా నిదానంగా వెళ్లే విమానం నేరుగానే పోతుంది. కాబట్టి "తిరగట్లేదు" అనిపించిన వెంటనే చూడాల్సింది కాక్‌పిట్‌లో స్టీరింగ్ ఆన్‌లో ఉన్నట్టు సూచన కనిపిస్తోందా అని.

వీలైతే ఒక సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డుకు వెళ్లి రండి. అక్కడ ఉంచిన నేవీ సీ హారియర్ కిందికి వంగి చూడండి. ముందు ఒక చక్రం, వెనక జంట చక్రం, రెండూ ఒకే గీత మీద ఉంటాయి. పడిపోకుండా రెక్కల కింద చిన్న చక్రాలు ఆసరాగా ఉంటాయి. ఎడమ కుడి చక్రాలే లేనప్పుడు ఒక వైపు బ్రేకు వేసి తిప్పే ఉపాయం దానికి పనికిరాదు, ముందు చక్రమే తిప్పాలి. అక్కడే ఉన్న టీయూ-142 టైర్లు చూస్తే అంత బరువు నేల మీద పరుగెడుతుంటే ఆపడం అంటే ఏమిటో కంటికి తెలుస్తుంది. సముద్రం మీద నిఘాకి దాదాపు 29 ఏళ్లు తిరిగిన విమానం అది. తెర మీద చూసినదానికి బరువు ఉండదు. ఒకసారి ఆ టైరు పక్కన నిలబడ్డాక మావాడు బ్రేకు వేసే తీరు మారింది.

కదలడం, నడపడం

పార్కింగ్ బ్రేకు వేసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టి ఉంటే గ్రౌండ్ సిబ్బందికి చెప్పి తీయించండి. ఇప్పుడు పార్కింగ్ బ్రేకు వదిలి త్రాటిల్ కొద్దికొద్దిగా పెంచండి. ఆగి ఉన్న విమానాన్ని కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక అంత అక్కర్లేదు. చక్రం దొర్లిన మరుక్షణం త్రాటిల్ వెనక్కి లాగండి. చాలామంది ఇక్కడ మరిచిపోతారు. పది సెకన్లలో విమానం పరుగు అందుకుంటుంది.

కదిలిన వెంటనే, ఇంకా నిదానంగా ఉండగానే, బ్రేకులు ఒకసారి వేసి చూడండి. రెండూ సమానంగా పడుతున్నాయా, ముక్కు పక్కకి పోకుండా నేరుగా వంగి లేస్తోందా? ఓ పక్కకు లాగితే అక్కడే ఆగి సెట్టింగ్స్ చూసుకోండి. బ్రేకు పనిచేయట్లేదన్న సంగతి టాక్సీవే (పార్కింగ్ నుంచి రన్‌వేకి వెళ్లే దారి) చివరి మలుపులో తెలియకూడదు.

వేగం ఎంత ఉండాలి? నేరుగా ఉన్న దారిలో 10 నుంచి 15 నాట్లు చాలు. మలుపుల్లో అంతకన్నా తక్కువ. 15 నాట్లంటే గంటకు 28 కిలోమీటర్లు. కాక్‌పిట్‌లోంచి చూస్తే వేగం అసలున్నదానికన్నా తక్కువగా అనిపిస్తుంది, ఎందుకంటే మీరు నేలకి ఎత్తులో కూర్చున్నారు. ఎఫ్2 నొక్కి బయటి నుంచి చూస్తే కింద వేగం అంకెల్లో కనిపిస్తుంది. మొదట్లో అలా సరిచూసుకుంటూ కంటికి అలవాటు చేయండి. విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు రన్‌వే వైపు వెళ్లే తీరు గమనించండి. అక్కడ ఎవరూ తొందరపడరు. మలుపు దగ్గర విమానం దాదాపు ఆగినట్టే ఉండి నెమ్మదిగా తిరుగుతుంది.

ఇక తిరగడం. మలుపు రాకముందే వేగం తగ్గించండి. రెండు బ్రేకులూ కలిపి ఒక తట్టు, వదలడం, ఇంకో తట్టు. తర్వాత లోపలి వైపు రడ్డర్, లోపలి వైపు చిన్న బ్రేకు. ముక్కు తిరగడం మొదలవగానే బ్రేకు వదిలేయండి, మిగతా మలుపు దాని ఊపుతోనే అవుతుంది. ముక్కు మీకు కావలసిన దిక్కుకి రావడానికి కాస్త ముందే ఎదురు వైపు ఒక తట్టు తట్టండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ముక్కు గీత మీదికి వచ్చాక సరిచేద్దామనుకుంటే అప్పటికే దాటిపోతుంది. మీరు రెండో వైపు గట్టిగా వేస్తారు, అది అటూ దాటుతుంది. అలా ఊగుతూ ఊగుతూ గడ్డిలోకి పోతుంది. మా మేనల్లుడిది సరిగ్గా ఇదే కథ.

కళ్లు ముక్కు దగ్గర పెట్టకండి. టాక్సీవే గీత దూరంగా ఎక్కడికి పోతోందో అక్కడ చూడండి. దగ్గరికి చూస్తే ప్రతి చిన్న కదలికా పెద్దదిగా అనిపించి కాలు ఎక్కువ పడుతుంది.

త్రాటిల్ పెంచి బ్రేకుతో ఆపుతూ నడపొద్దు. ఇంజిన్ ముందుకి తోస్తుంటే బ్రేకు వెనక్కి లాగుతుంటే ఆ కష్టమంతా వేడిగా మారి బ్రేకుల్లోకే పోతుంది. వేడెక్కిన బ్రేకు దిగేటప్పుడు అక్కరకి రాదు. వేగం ఎక్కువైందనిపిస్తే ముందు త్రాటిల్ ఐడిల్‌కి (అన్నిటికన్నా తక్కువకి) తేండి, అప్పటికీ తగ్గకపోతేనే బ్రేకు.

తోక చక్రం విమానాలు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలం ఫైటర్లలో చాలావాటికి రెండు పెద్ద చక్రాలు ముందు, చిన్న చక్రం తోక కింద ఉంటాయి. నాకు ఇష్టమైన విమానాలు ఇవే. నేల మీద అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరేవీ ఇవే.

కారణం చెబుతాను. తొక్కుడు రిక్షాని వెనక్కి తోస్తే ఏమవుతుందో ఊహించండి. జంట చక్రాలు ముందు వెళ్తాయి, ఒంటి చక్రం వెనక వస్తుంది. కొంచెం పక్కకి తిరిగితే చాలు, అది తనంతట తానే ఇంకా తిరుగుతుంది. తోక చక్రం విమానం ముందుకి వెళ్లడమంటే రిక్షా వెనక్కి వెళ్లడమే. బరువు కేంద్రం పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది కాబట్టి, ముక్కు పక్కకి తిరగ్గానే ఆ వెనకున్న బరువు ముందుకి రావాలని చూస్తుంది. తిరగడం పెరుగుతూ పోయి విమానం బొంగరంలా తిరిగిపోవడాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ముందు చక్రం ఉన్న జెట్లలో దీనికి వ్యతిరేకం. అక్కడ బరువు పెద్ద చక్రాల ముందు ఉంటుంది కాబట్టి ముక్కు తనంతట తానే నేరుగా సర్దుకుంటుంది.

అందుకే ఇక్కడ తోక చక్రం లాక్ చాలా విలువైనది. ముస్టాంగ్‌లో స్టిక్ మధ్యలోనో వెనక్కో ఉంటే తోక చక్రం రడ్డర్‌తో పాటు అటూ ఇటూ 6 డిగ్రీలే తిరుగుతుంది. స్టిక్ ముందుకి తోస్తే లాక్ వదిలి స్వేచ్ఛగా తిరుగుతుంది. అంటే నేరుగా వెళ్లేటప్పుడు స్టిక్ వెనక్కి, పెద్ద మలుపు తిప్పాలంటే నిదానించి స్టిక్ ముందుకి, లోపలి బ్రేకు, మలుపు అయ్యాక మళ్లీ వెనక్కి. ఎఫ్‌డబ్ల్యూ-190లోనూ స్టిక్ వెనక్కి లాగితే లాక్ పడుతుంది. బీఎఫ్-109లో దానికి విడిగా మీట ఉంది. స్పిట్‌ఫైర్‌కి లాక్ లేదు, మొత్తం మీ కాళ్ల మీదే.

స్పిట్‌ఫైర్, 109 రెండింటికీ చక్రాల మధ్య ఎడం తక్కువ. ముస్టాంగ్, 190 కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడతాయి. నేర్చుకోవడానికి ముస్టాంగ్‌తో మొదలుపెట్టండి. కొత్తవాళ్లు స్పిట్‌ఫైర్ అందం చూసి దానితో మొదలుపెట్టి నిరాశపడతారు, అది నాకు బాధగా ఉంటుంది.

ముక్కు ఎత్తుగా ఉండి ముందు ఏమీ కనపడదు కాబట్టి నేరుగా నడపకండి. పాము నడకలా కొంచెం ఎడమకీ కొంచెం కుడికీ తిరుగుతూ, పక్క అద్దంలోంచి దారి చూసుకుంటూ వెళ్లండి. ఆపడానికి రెండు బ్రేకులూ వేసే ప్రతిసారీ స్టిక్ మీ పొట్ట దాకా లాగి ఉంచండి. లేకపోతే తోక లేచి ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది. స్పిట్‌ఫైర్‌ని నేల మీద ఎక్కువసేపు ఉంచకండి. రెక్కల కింది రేడియేటర్లకి గాలి సరిగ్గా అందక ఇంజిన్ వేడెక్కిపోతుంది. స్టార్ట్ చేసేముందే ఏ దారిన వెళ్లాలో మ్యాప్‌లో చూసి పెట్టుకోండి.

టేకాఫ్ పరుగు

రన్‌వే మీదికి వచ్చి మధ్య గీత మీద కొన్ని మీటర్లు నేరుగా ముందుకి వెళ్లి ఆగండి. అప్పుడే తోక చక్రమైనా ముక్కు చక్రమైనా నేరుగా ఉంటుంది. లాక్ వేయండి. ఈ చిన్న పని చేయకుండా త్రాటిల్ ఇచ్చేస్తే మొదటి సెకనులోనే ముక్కు పక్కకి పోతుంది.

ముస్టాంగ్, స్పిట్‌ఫైర్ మార్క్ 9, 109, మూడింటి ప్రొపెల్లర్లూ పైలట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లులా కుడికి తిరుగుతాయి. ఆ ప్రభావంతో టేకాఫ్‌లో ముక్కు ఎడమకి లాగుతుంది. ముస్టాంగ్‌లో బయల్దేరేముందే రడ్డర్ ట్రిమ్ (రడ్డర్‌ని కొద్దిగా ఓ పక్కకి నిలిపి ఉంచే అమరిక) 6 డిగ్రీలు కుడికి పెట్టుకోండి. త్రాటిల్ ఒక్కసారిగా తోయకుండా, మనసులో ఎనిమిది లెక్కపెట్టేంత సేపు తీసుకుని పెంచండి. అంత టైం ఇస్తే మీ కాలు దానితో పాటు వెళ్లగలుగుతుంది.

పరుగు మొదట్లో గాలి తక్కువ కాబట్టి రడ్డర్‌కి బలం ఉండదు. అప్పుడు చిన్న బ్రేకు తట్టు ఫర్వాలేదు. వేగం పెరిగాక బ్రేకు ముట్టుకోకండి, రడ్డర్ చాలు. ఎఫ్-16 వంటి జెట్‌లో అయితే మొదట నోస్ వీల్ స్టీరింగ్‌తో గీత పట్టుకుని, సుమారు 70 నాట్ల దగ్గర దాన్ని ఆపేసి రడ్డర్‌కి అప్పగించండి. ఆ వేగంలో స్టీరింగ్ ఆన్‌లో ఉంటే కాలి చిన్న కదలికకే విమానం అడ్డంగా తిరగగలదు.

మడమలు నేల మీదే ఆనించి ఉంచండి. పాదం పెడల్ పైకి జరిగితే తెలియకుండానే వేళ్లు బ్రేకు నొక్కుతుంటాయి. "రన్‌వే అయిపోయినా లేవట్లేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

దిగాక ఆపడం

సింహాచలం కొండ మీద నుంచి బండి దిగే అలవాటున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పై నుంచి కింది దాకా బ్రేకు పట్టుకుని ఎవరూ దిగరు. చిన్న గేర్‌లో పెట్టి ఇంజిన్‌తో వేగం అదుపు చేస్తూ, మలుపుకి ముందు మాత్రం బ్రేకు తడతారు. విమానంలో చిన్న గేర్ పని గాలి చేస్తుంది.

చక్రాలు పీల్చుకోవాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 140 నాట్ల దగ్గర బ్రేకు వేస్తే 70 నాట్ల దగ్గర వేసినదానికి నాలుగింతల పని. అందుకే ఎక్కువ వేగంలో గాలిని వాడుకుని, వేగం తగ్గాక బ్రేకులు వాడాలి. ఎఫ్-16లో పెద్ద చక్రాలు తాకాక ముక్కు దించేయకుండా, 13 డిగ్రీల కోణం దగ్గర పట్టి ఉంచి విమానం ఒంటినే గాలికి అడ్డం పెడతారు. 15 దాటితే వెనక భాగం నేలకి రాసుకుంటుంది. సుమారు 100 నాట్లకి వచ్చాక ముక్కు మెల్లగా దించి, అప్పుడు బ్రేకు. ఎస్‌యూ-25టీ, మిగ్-21 వంటివాటికి పారాచూట్ ఉంది. చక్రాలన్నీ నేల మీద నిలిచాక తెరవండి. ఎస్‌యూ-25టీలో అది పీ కీ.

తాకే క్షణంలో కాలు బ్రేకు మీద ఉండకూడదు. చక్రం తిరగకుండా పట్టేసి ఉండగా నేలకి తగిలితే టైరు పగులుతుంది. యాంటీ స్కిడ్ (బ్రేకు వేస్తే చక్రం బిగిసి జారకుండా చూసే ఏర్పాటు) స్విచ్ ఉన్న విమానంలో దిగేముందు అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఎఫ్/ఏ-18తో విమానవాహక నౌక మీద దిగేటప్పుడు మాత్రం అది ఆఫ్‌లో ఉండాలి. నౌక నుంచి లేచి నేల మీద దిగేవాళ్లు ఆ మార్పు మరిచిపోతుంటారు.

తోక చక్రం విమానంలో మూడు చక్రాలూ ఒకేసారి తాకేలా దిగి, స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి అక్కడే ఉంచండి. త్రాటిల్ ఐడిల్. ఇప్పుడు కాళ్లు ఆగకుండా పనిచేయాలి: చిన్న ఎడమ, చిన్న కుడి, ముక్కు కదలకముందే. ముక్కు జారడం మొదలైందా? వెంటనే ఎదురు రడ్డర్ పూర్తిగా వేయండి. ఆగకపోతే ఎదురు బ్రేకు ఒక తట్టు. జారడం ఆగీ ఆగగానే రెండూ మధ్యకి తేవాలి, ముక్కు నేరుగా అయ్యేదాకా పట్టుకుంటే రెండో వైపు తిరిగిపోతుంది. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేయడం అప్పుడు పనికిరాదు, అది తోకని ఇంకా తేలిక చేస్తుంది.

నా మొదటి రోజుల్లో 109తో చక్కగా దిగి, ఇక అయిపోయిందని కుర్చీలో వెనక్కి వాలాను. అప్పటికి వేగం గంటకు 60 కిలోమీటర్లు కూడా లేదు. రడ్డర్‌కి గాలి బలం తగ్గింది, బ్రేకు ఇంకా వేయలేదు, తోక చక్రం లాక్ వేయడం మరిచిపోయాను. విమానం ఎడమకి తిరిగి రెక్క చివర నేలకి కొట్టుకుంది. అంతవరకు చేసిన పోరాటమంతా పోయింది, చాలా బాధపడ్డాను. రడ్డర్ చేతులెత్తేసి బ్రేకు అందుకునే ఆ మధ్య వేగమే ప్రమాదం. చక్రం పూర్తిగా ఆగేదాకా కాళ్లు తీయకండి.

సాధన ఎలా చేయాలి

కాకసస్ మ్యాప్‌లో బటూమి ఎంచుకోండి. అది నల్ల సముద్రం ఒడ్డున, కొండల పక్కన ఉంటుంది. మన ఊరిలాగే ఉంటుందని నాకు ఆ చోటంటే ఇష్టం. మొదటి రోజు ఎగరొద్దు. ఎస్‌యూ-25టీతో పార్కింగ్ నుంచి రన్‌వే దాకా వెళ్లి, తిరిగి వచ్చి అదే చోట ఆపండి. ముక్కు చక్రం పసుపు గీత మీదే ఉండాలి. అలా ఐదుసార్లు. రెండో రోజు టీఎఫ్-51డీతో ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో తిరగండి. ఎడమ మలుపు, కుడి మలుపు రెండూ సమానంగా వచ్చేదాకా వదలొద్దు. మూడో రోజు రన్‌వే మీద సగం వేగం దాకా వెళ్లి త్రాటిల్ లాగేసి, గీత మీద నేరుగా ఆపడం.

ఇంకా ఓ పక్కకి లాగుతూనే ఉంటే ఇవి చూడండి: ఒకే పనికి రెండు ఆక్సిస్‌లు పడ్డాయా, ఒక బ్రేకు కొద్దిగా పట్టుకుని ఉందా, టైరు పగిలిందా, మిషన్‌లో పక్కగాలి పెట్టి ఉందా. గాలి ఉంటే ముక్కు ఎప్పుడూ గాలి వచ్చే వైపుకే తిరగాలని చూస్తుంది, ఎందుకంటే నిలువు తోక తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. గాలి వచ్చే వైపుకి స్టిక్ వంచి ఆ రెక్కని కిందికి అణచి ఉంచండి, కాళ్లతో ముక్కుని ఎదురు వైపుకి పట్టండి.

నలుగురితో కలిసి ఆడేటప్పుడు రన్‌వే మీదికి వెళ్లేముందు రెండు వైపులా చూడండి, దిగేవాళ్లుంటే ఆగండి. మీరు దిగాక రన్‌వే మీద ఆగిపోకుండా టాక్సీవేలోకి తిరిగాకే ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) సర్దుకోండి. వెనక ఇంకొకరు ఇంధనం అయిపోతూ వస్తుండొచ్చు.

మావాడు మూడో ఆదివారానికి ముస్టాంగ్‌ని పార్కింగ్ నుంచి తీసుకెళ్లి, ఒక రౌండ్ ఎగిరి, దించి, బయల్దేరిన చోటికే తెచ్చి ఆపాడు. ఒక్కసారి కూడా గడ్డి తాకలేదు. పార్కింగ్ బ్రేకు వేసి ఇంజిన్ ఆపాక, "ఇప్పుడు గాలి పెట్టనా మావయ్యా?" అని అడిగాడు. మిషన్ ఎడిటర్ తెరిచి, రన్‌వేకి అడ్డంగా సెకనుకి 3 మీటర్ల గాలి పెట్టించాను. అది అలవాటయ్యాక 5 చేయమన్నాను.